తగినంత ఉప్పు అంటే ఎంత?

తెలుగు పత్రికల వంటల శీర్షికల్లో అన్నిటికీ కొలతలుంటాయి. కారం రెండు చెంచాలు, నూనె వంద గ్రాములు. ఉప్పు దగ్గరికొచ్చేసరికి మాత్రం 'తగినంత'. వంటింటి జ్ఞానం పట్ల మన వైఖరి అంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఎంత వెయ్యాలో ఆడవాళ్లకి ఎలాగూ తెలుసు, తెలిసినదాన్ని రాయక్కర్లేదు, రాయనిది జ్ఞానం కిందికి రాదు. ఈ వరసని ప్రశ్నించడానికి అమెరికాలో ఇద్దరు స్త్రీలు రాసిన వంట పుస్తకాలు పనికొస్తాయి. ఒకటి జూడీ రోజర్స్ 'ద జూనీ కఫే కుక్‌బుక్' (2002), రెండోది సమీన్ నొస్రత్ 'సాల్ట్, ఫ్యాట్, యాసిడ్, హీట్' (2017). వీటిని స్టేక్ దగ్గర ఆగి చదవాలి. పాశ్చాత్య వంటల్లో ఇంతగా మగతనం అంటగట్టించుకున్న వంటకం అరుదు కనక.

స్టేక్ అంటే బొటనవేలి మందాన కోసిన గొడ్డు మాంసపు ముక్క. పులుసులో ఉడికించరు, పెనం మీదో నిప్పుల మీదో కాలుస్తారు. 1957లో వచ్చిన 'మైథాలజీస్'లో రోలాండ్ బార్త్ దీని చుట్టూ అల్లుకున్న నెత్తురు పురాణాన్ని విప్పాడు. స్టేక్ తింటే ఎద్దు బలం ఒంటికొస్తుందన్న నమ్మకమూ, ఫ్రెంచి జాతీయతా ఒకే పళ్లెంలోకి ఎలా చేరాయో చూపించాడు. 1990లో కెరల్ జె. ఆడమ్స్ 'ద సెక్సువల్ పాలిటిక్స్ ఆఫ్ మీట్'లో మాంసానికీ పురుషాధిపత్యానికీ ఉన్న ముడిని సిద్ధాంతీకరించింది. పళ్లెంలో మాంసం ఉంటుంది, చచ్చిన జంతువు మాత్రం కనబడకుండా పోతుంది అంటుంది ఆమె. ఇద్దరి దృష్టీ ప్రధానంగా తినడం మీదే. వండటం గురించిన ప్రశ్న మిగిలిపోయింది.

వండే చోట పేరు నిప్పుదే. పెరట్లో గ్రిల్ ముందు పటకారు పట్టుకుని నిలబడే మగవాడు అమెరికన్ ప్రకటనల్లో పాత బొమ్మ. లోపల ముక్కలకి ఉప్పు పట్టించేవాళ్లూ, తర్వాత గిన్నెలు కడిగేవాళ్లూ ఆ బొమ్మలో ఉండరు. ఈ నిప్పు పురాణానికి సైన్సు కూడా చాలాకాలం కాపు కాసింది. పెద్ద సెగ తగిలితే మాంసం పైభాగం మూసుకుపోయి లోపలి రసం నిలుస్తుందని జర్మన్ రసాయనవేత్త లీబిగ్ 1847లో చెప్పాడు. వందేళ్లు దాటాక కూడా వంట పుస్తకాలు అదే మాట చెప్పాయి. అది తప్పని 1984లో హెరాల్డ్ మెగీ 'ఆన్ ఫుడ్ అండ్ కుకింగ్'లో విడమర్చి చెప్పాడు. పెనం మీద ముక్క చుయ్యిమంటున్నంతసేపూ నీరు పోతూనే ఉందని అర్థం. వంటింట్లో ఎవరైనా వినగలిగిన చప్పుడది. అయినా లీబిగ్ మాట ముందు దానికి సాక్ష్యం విలువ రాలేదు.

రోజర్స్ పాఠకుల చూపుని నిప్పు మీంచి ఉప్పు మీదికి తిప్పింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో జూనీ కఫే నడిపిన ఈమె మాంసానికి ముందుగానే ఉప్పు పట్టించాలని పట్టుబట్టింది. నొస్రత్ ఆ పద్ధతికి కారణాలు విడమర్చింది. ఉప్పు చల్లిన కొద్ది నిమిషాల్లో ముక్క మీద నీరూరుతుంది. ఉప్పు ఆ నీటిలో కరిగి మెల్లగా లోపలికి దిగుతుంది. కండలోని మాంసకృత్తుల పట్టు సడలించి, కాల్చేటప్పుడు నీరు ఎక్కువగా నిలిచేలా చేస్తుంది. అందుకే నీరూరిన ఆ మధ్య సమయంలో ముక్కని పెనం మీద వెయ్యకూడదు. వేస్తే కాలదు, ఉడుకుతుంది. వండబోయే క్షణంలోనైనా చల్లాలి, ముప్పావు గంట ముందైనా చల్లాలి. అన్నిటికంటే మేలు ముందు రోజు రాత్రి.

ఇంట్లో చెయ్యాలంటే ఇదీ క్రమం. కిలోకి 10 నుంచి 12 గ్రాముల ఉప్పు రెండు వైపులా పట్టించి, మూత పెట్టకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. పైభాగం ఆరుతుంది. తడి ఉన్నంతవరకూ పెనం మీద ముక్క 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఎర్రగా వేగడానికి 140 డిగ్రీలు దాటాలి. తడి లేకుండా తుడిచి, బాగా కాగిన ఇనప పెనం మీద నూనె వేసి, మాటిమాటికీ తిప్పుతూ కాల్చాలి. లోపల 54 నుంచి 57 డిగ్రీలకి వస్తే మధ్యభాగం గులాబి రంగులో ఉంటుంది. దించి ఐదు నిమిషాలు ఆగి కొయ్యాలి. కాల్చడానికి పట్టేది పది నిమిషాలు. దాన్ని నిర్ణయించిన పని ముందు రాత్రే, ఎవరూ చూడనప్పుడే అయిపోయింది.

'ఉప్పు ఆడది, నిప్పు మగది' అని తేల్చేయడం తేలిక. పుస్తకాలు అందుకు ఒప్పుకోవు. రోజర్స్ విద్యార్థినిగా ఏడాదిపాటు ఉన్నది ఫ్రాన్స్‌లో పేరున్న మగ షెఫ్‌ల కుటుంబమైన ట్రోయాగ్రో వాళ్లింట్లో. బర్క్‌లీలోని షే పనీస్ వంటింట్లో కొత్తగా చేరిన నొస్రత్ మొక్కజొన్న జావ వండుతూ చిటికెడు చిటికెడు ఉప్పు వేస్తుంటే, పై షెఫ్ కాల్ పీటర్నెల్ ఏకంగా మూడు గుప్పెళ్లు వేశాడు. తేడా చేతిలో లేదు, రాతలో ఉంది. ఆ గుప్పెడు ఎంత, ఎప్పుడు, ఎందుకు అన్నది అక్షరాల్లో పెట్టడం నొస్రత్ పని. ఒకే చెంచాలో డైమండ్ క్రిస్టల్ ఉప్పు కంటే మోర్టన్ ఉప్పు చాలా బరువు తూగుతుందని హెచ్చరిస్తుంది. కోడిని సగానికి కోసి, ఒక సగానికి ముందు రోజూ రెండో సగానికి వండేముందూ ఉప్పు పట్టించి తేడా మీరే చూసుకోండి అంటుంది. 'చెయ్యి మంచిది' అన్న పొగడ్త జ్ఞానాన్ని ఒంట్లో బంధిస్తుంది. ఈ రాత దాన్ని నలుగురికీ అందిస్తుంది.

మైకేల్ పోలన్ 'కుక్డ్' (2013) పక్కన పెడితే ఇది ఇంకా తేటపడుతుంది. నిప్పు మీద కాల్చడం బహిరంగంగా జరిగే మగవాళ్ల ఆర్భాటమనీ, కుండలో వండటం ఇంటి లోపలి స్త్రీల పని అనీ ఉన్న విభజనని పోలన్ గుర్తిస్తాడు. తన పుస్తకంలోని కుండ అధ్యాయంలో ఆయనకి వంట నేర్పింది నొస్రత్, అంతకుముందు ఆయన జర్నలిజం తరగతిలో కూర్చున్న మనిషి. నాలుగేళ్ల తర్వాత తన పుస్తకంలో ఆమె ఆ విభజనలో ఒదగలేదు. మొదటి అధ్యాయం ఉప్పు, చివరిది వేడి. ఈ వరసే ఒక వాదన.

అయినా ఈ పుస్తకంతో నాకు పేచీ ఉంది. ఎవరైనా ఏదైనా బాగా వండొచ్చు అన్న ఆమె భరోసాలో మాంసం కొనే స్తోమతా, ఫ్రిజ్ ఉన్న వంటిల్లూ ముందే ఉన్నట్టు లెక్క. మాంసం కోసే కార్మికుల శ్రమ చిత్రంలోకి రాదు. ఆడమ్స్ చెప్పిన మాయమవడం జంతువుతో ఆగదు, మనుషుల దాకా వస్తుంది.

ఆడమ్స్‌ని కూడా మనం యథాతథంగా దిగుమతి చేసుకోలేం. మాంసం అక్కడ ఆధిపత్యానికి గుర్తు. ఇక్కడ గొడ్డు మాంసం దళితుల్నీ ముస్లింలనీ వెలివేయడానికి సాకు. 2012లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జరిగిన బీఫ్ ఫెస్టివల్ తినే హక్కుని చర్చకి పెట్టింది. వండే జ్ఞానం మీద అంత చర్చ జరగలేదు. మాంసాన్ని పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండేలమీద ఎండబెట్టి తునకలు చేసే దళిత స్త్రీలకి ఉప్పు సంగతి లోతుగా తెలుసు. స్టేక్‌లో నీరు నిలపడానికి వాడే ఉప్పునే వాళ్లు నీరు లాగేయడానికి వాడతారు. ఎండ ఎంత, ఉప్పు ఎంత, ముక్క మందం ఎంత అన్నవన్నీ వాళ్ల లెక్కలే. అచ్చయిన తెలుగు వంట పుస్తకాల్లో ఆ లెక్కలకి 'తగినంత' అన్న మాట కూడా దక్కడం అరుదు.

రోజర్స్, నొస్రత్‌ల నుంచి మనం తీసుకోవాల్సింది స్టేక్ ఒక్కటే కాదు. గుప్పెడుని కొలవడం, కారణం అడగడం, చెప్పిన మనిషి పేరుతో సహా రాయడం. ఆ పని తునకలతో మొదలుపెట్టొచ్చు.