టిక్కెట్టు కొన్నవాడి కళ్ళతో

హంపీ అనగానే మనకు విరూపాక్షుడూ రాతిరథమూ గుర్తుకొస్తాయి. ఈ హంపీ వేరు. అమెరికాలోని నార్త్ కరోలినాలో, బెల్మాంట్ అనే చిన్న మిల్లుల ఊళ్ళో 1938లో పుట్టిన హోవర్డ్ వీలర్‌ని అందరూ పిలిచిన పేరది. ఆ పేరు తండ్రిది. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడే రోజుల్లో ఆయన కామెల్ సిగరెట్లు కాలుస్తూ దొరికిపోయాడట. పెట్టె మీద ఒంటె ఉంటుంది కదా, తోటివాళ్ళు ఆయనకు మూపురం, అంటే హంప్, అంటగట్టారు. కొడుక్కి అది పిత్రార్జితమైంది.

ఈ కొడుకు 1975లో షార్లెట్ మోటార్ స్పీడ్‌వేలో చేరాడు. 2008 దాకా దాన్ని నడిపాడు. మైలున్నర చుట్టు ట్రాకు, మలుపుల్లో 24 డిగ్రీల వాలు, మేలో 600 మైళ్ళ రేసు. బ్రూటన్ స్మిత్, రేసర్ కర్టిస్ టర్నర్ కలిసి 1960లో దాన్ని తెరిచారు. మరుసటేడే దివాలా తీసింది. స్మిత్ తన ట్రాకును తిరిగి చేజిక్కించుకోగానే తెచ్చుకున్న మనిషి హంపీ.

రేసు ట్రాకు మేనేజరు బతుకు సినిమా హాలు యజమాని బతుకు లాంటిది. బొమ్మ తనది కాదు. డ్రైవర్లు తన మాట వినరు, కార్లు తనవి కావు, నియమాలు రేసులు జరిపే నాస్కార్ సంస్థవి. తన చేతిలో ఉన్నవల్లా కుర్చీలు, గేటు, ఆ పూట. ఈ మూడింటితోనే ముప్పై మూడేళ్ళు కొత్త కొత్త పనులు చేయడమే హంపీ పనితనం. కుర్రతనంలో గాస్టోనియాలో మట్టి ట్రాకు నడిపాడు, తర్వాత ఫైర్‌స్టోన్ టైర్ల కంపెనీలో చేశాడు. దుమ్ములో కూర్చుని రేసు చూసేవాడికి ఏం కావాలో అక్కడే నేర్చుకుని ఉంటాడని నా ఊహ.

1976 మే నెల. ఇండియానాపొలిస్ 500లో పాల్గొనాలని వెళ్ళిన మహిళా రేసర్ జానెట్ గత్రీకి అక్కడ చోటు దొరకలేదు. దేశంలోని పత్రికలన్నీ ఆమె గురించే రాస్తున్నాయి. మిగతా వాళ్ళకు అది ఒక వార్త, హంపీకి అది ఖాళీగా ఉన్న కారు సీటు. షార్లెట్‌లోని ఒక బ్యాంకు అధికారిణి చేత కారు కొనిపించి, గత్రీని 600 మైళ్ళ రేసులోకి దింపాడు. ఆడమనిషి అంత దూరం తోలగలదా అన్నవాళ్ళ ముందే ఆమె 15వ స్థానంలో ముగించింది. జనం కోసం చేసిన పనే. కానీ ఆ పనిలో న్యాయం కూడా ఉందని ఒప్పుకోవాలి.

పోటీదారుల పగను టిక్కెట్లుగా మార్చడంలోనూ ఆయనకు సాటి లేదు. రేసర్లు కేల్ యార్‌బరో, డారెల్ వాల్ట్రిప్‌లకు పడేది కాదు. నోటిదురుసు వాల్ట్రిప్‌కి కేల్ 'జాస్' అని పేరు పెట్టాడు, అప్పట్లో ఊపేస్తున్న షార్క్ సినిమా పేరది. కేల్ కారుకు డబ్బు పెట్టేది హాలీ ఫార్మ్స్ అనే కోళ్ళ కంపెనీ. హంపీ ఒక చచ్చిన షార్క్‌ని తెప్పించి, దాని నోట్లో కోడిని కరిపించి, బండికి వేలాడదీసి ఊరేగించాడు. ఊళ్ళో సినిమా మారినప్పుడు రెండు పక్కలా పోస్టర్లు కట్టుకుని మైకులో అరుస్తూ పోయే రిక్షాలను చూసినవాళ్ళకు ఈ విద్య కొత్తేమీ కాదు. హంపీ గొప్పంతా ఆ కోడిలో ఉంది. షార్క్ ఒక్కటే అయితే వింత. నోట్లో కోడి పెట్టగానే అది కథ.

రేసు ముందు కూడా జనాన్ని ఊరికే కూర్చోనివ్వలేదు. 1983లో గ్రెనడా మీద జరిగిన అమెరికా దాడిని హెలికాప్టర్లతో మళ్ళీ ఆడించాడు. స్కూలు బస్సును వరుస కార్ల మీదుగా దూకించాడు. నాకైతే ఆ యుద్ధ నాటకం అతి అనిపిస్తుంది, చచ్చినవాళ్ళున్న యుద్ధం అది.

నేను ఎక్కువసేపు ఆగి చూసేది 1992 నాటి దీపాల దగ్గర. చిన్న ట్రాకుల మీద రాత్రి రేసులు మామూలే. మైలున్నర ట్రాకు మీద, గంటకు 290 కిలోమీటర్ల వేగంతో పోయే కార్లకు వెలుగు పరచడం వేరు. లోపలి వైపు స్తంభాలు నాటితే డబ్బిచ్చి కూర్చున్నవాడికి అడ్డం, ఎదురు కాంతి డ్రైవర్ కంటికి శత్రువు. అయోవాలోని మస్కో కంపెనీ దారి చూపింది. ట్రాకు లోపలి అంచున నేలబారుగా దీపాలు, వాటి ముందు అద్దాలు. వెలుగు అద్దం మీద పడి రోడ్డు మీద పరుచుకుంటుంది; దీపం మాత్రం ఎవరి కంటా పడదు. స్విచ్ నొక్కే ఉత్సవంలో నిప్పురవ్వలు ఎగిరి యజమాని స్మిత్ జుట్టు అంటుకుంది, అదీ ఓ ప్రచారమే అయింది. మే 16 రాత్రి జరిగిన రేసు చివరి చుట్టులో రేసర్ ఎర్న్‌హార్ట్ గింగిరాలు కొట్టాడు, డేవీ ఆలిసన్ గీత దాటుతూనే గోడకు కొట్టుకుని, గెలిచి, ఆస్పత్రికి వెళ్ళాడు. ఆ తర్వాత చాలా పెద్ద ట్రాకులు రాత్రి వైపు చూశాయి. 600 మైళ్ళ రేసు కూడా సాయంత్రం మొదలై చీకట్లో ముగిసేలా మారింది. తారు చల్లబడుతుంటే కారు నడవడి మారుతుంది, దాన్ని పట్టుకోవడం ఇప్పుడు ఆ రేసులో సగం ఆట.

1984లో మొదటి మలుపు మీద 40 ఇళ్ళు కట్టి అమ్మితే నవ్వారు. ఇంజన్ల మోతలో ఎవడుంటాడని. కొన్నారు, ఉన్నారు.

అన్నీ కలిసిరాలేదు. 1999లో రేసు కారు శకలాలు స్టాండ్లలోకి ఎగిరి ముగ్గురు ప్రేక్షకులు చనిపోయారు. 2000 మే 20 రాత్రి రేసు చూసి వెళ్ళేవాళ్ళతో సహా పాదచారుల వంతెన కూలింది. 107 మందికి గాయాలు. లోపలి ఇనుప తీగలు తుప్పుపట్టి ఉన్నాయని తర్వాత తేలింది. జనం కళ్ళతో చూసేవాడికి జనం కాళ్ళ కింద ఉన్నది కనబడలేదు. 2005లో ట్రాకు గతుకులు పోవాలని తారును అరగదీయించాడు. టైర్లు పగిలాయి, 600 మైళ్ళలో 22 సార్లు జాగ్రత్త చెప్పే పసుపు జెండా ఊపారు. మరుసటేడు మొత్తం మళ్ళీ తారు వేశారు. 2001లో ఎర్న్‌హార్ట్ రేసులో చనిపోయాక మాత్రం, దెబ్బను తాను మింగే మెత్తని ముందు బంపరు చేయించి పరీక్షించాడు. నాస్కార్ తీసుకోలేదు. నా లెక్కలో ఆ ఓటమి షార్క్ ఊరేగింపు కన్నా పెద్దది.

2008 మే రేసుతో దిగిపోయాడు. 2025 ఆగస్టులో, 86 ఏళ్ళకు పోయాడు. పిక్సార్ వాళ్ళ 'కార్స్' చూసిన మన పిల్లలకు ఆయన గొంతు తెలుసు, అందులో టెక్స్ అనే పెద్దమనిషి కారు ఆయనే. షార్లెట్ బ్యాంకుల్లో పనిచేసే తెలుగువాళ్ళు వేసవిలో ఆ ట్రాకున్న కాంకర్డ్ వైపు వెళ్తే ఇంకోటి కనబడుతుంది. పెద్ద స్టాండ్ల ఎదురుగా పావు మైలు చుట్టు, దాని మీద యమహా మోటార్ సైకిల్ ఇంజన్ వేసిన 1930ల నాటి ఫోర్డ్ బొమ్మల్లాంటి చిన్న కార్లు. లెజెండ్స్ అంటారు వాటిని. తక్కువ ఖర్చుతో రేసు తోలాలనుకునేవాళ్ళ కోసం 1992లో హంపీ వాళ్ళు మొదలెట్టినవి. తల్లిదండ్రులు కంచె పట్టుకుని నిలబడి ఉంటారు, కుర్రాళ్ళు తోలుతుంటారు.