ఎందరి మాట వినగలం?

సర్కారు ఆఫీసులో ఏ సమీక్ష జరిగినా ముందు వినిపించే మాట ఒకటే: 'స్టాఫ్ చాలట్లేదు సార్'. అది అబద్ధం కాదు. 2016లో ఉమ్మడి ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది, కలెక్టర్లు నలుగురయ్యారు. గిరిజనుల బాగోగులు చూసే ఉట్నూర్ ఐటీడీఏ మాత్రం ఒక్కటే. నాలుగు జిల్లాల గూడేల గోడూ ఒక్క ప్రాజెక్ట్ ఆఫీసరు టేబుల్ మీదికే రావాలి. అయినా, ఖాళీలన్నీ నింపితే అంతా చక్కబడుతుందంటే నాకు నమ్మకం కుదరదు.

నౌకరిలో ఉన్నన్నాళ్లు నేను నడిపింది చిన్న సెక్షనే. పదిమంది లోపు ఉన్నప్పుడు ఎవరి ఫైలు ఎక్కడ ఆగిందో అడిగి, దాన్ని కదిలించడానికి నేనే మెట్లెక్కి పై గదికి పోయేవాణ్ణి. జట్టు పెరిగేకొద్దీ అడగడం తగ్గుతుంది, రిపోర్టులు తెప్పించుకోవడం పెరుగుతుంది. సేవ పోయి అజమాయిషీ వచ్చేది అక్కడే. నాయకుడు మొదట సేవకుడై ఉండాలని 1970లో అమెరికాలో రాబర్ట్ గ్రీన్‌లీఫ్ రాశాడు. బాగుంది. కానీ ఒక్క మనిషి ఎందరికని సేవ చేయగలడు?

దీనికి జవాబు మన అడవుల్లోనే ఉంది. 1940లో జోడేఘాట్‌లో గోండు వీరుడు కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల బాధలేమిటో తెలుసుకునే పనిని నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టారు. 1943లో అక్కడే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. బయటి పంతుళ్ల కోసం ఎదురుచూడకుండా, గోండీ మాట్లాడేవాళ్లనే పంతుళ్లుగా తయారుచేశారు.

మన కాలంలోనూ అలాంటిదే జరిగింది. ఆదివాసీ, లంబాడా గొడవల నడుమ 2017 చివర్లో ఆదిలాబాద్ కలెక్టరుగా వచ్చిన దివ్య దేవరాజన్ గోండీ నేర్చుకున్నారు. అంతటితో ఆగివుంటే అది ఒక అధికారి మంచితనంగానే మిగిలేది. ఆమె సర్కారు దవాఖానలో గోండీ తెలిసినవాళ్లను కూడా పెట్టించారు. ఉట్నూర్ మండలంలో తోటీ తెగవాళ్లు తమ గూడేనికి ఆమె పేరిట దివ్యగూడ అని పేరు పెట్టుకున్నారు. 2020లో ఆమె బదిలీపై వెళ్లారు.

బదిలీ తప్పని కొలువు ఇది. అధికారి నేర్చిన భాష అధికారితోనే పోతుంది. గూడెం నుంచి వచ్చి కౌంటర్ దగ్గర కొలువులో కూర్చున్న మనిషి మాత్రం అక్కడే ఉంటాడు. అందుకే ఖాళీల పట్టికలో ఇంకో గడి గీయాలంటాను: ఉన్నవాళ్లలో గోండీ, కొలామీ భాషలు వచ్చినవాళ్లు ఎందరు? కొత్తగా ఎంతమంది చేరినా ఆ గడిలో సున్నా ఉంటే, ప్రతి అర్జీ మళ్లీ ప్రాజెక్ట్ ఆఫీసరు టేబుల్‌కే చేరుతుంది.