పన్నెండు కుంచెల సంపుటి

సమీక్షకి పుస్తకం పంపేవాళ్లు రెండు ప్రతులు పంపాలని పత్రికలవాళ్ల నియమం. ఒకటి రాసేవాళ్లకి, ఒకటి ఆఫీసు బీరువాకి. మా అక్క కూతురు అమెరికా నుంచి వస్తూ నాకు తెచ్చిపెట్టింది మాత్రం ఒక్కటే ప్రతి. కాబట్టి యీ సమీక్ష చెల్లదంటారు మావారు. చెల్లినా చెల్లకపోయినా రాసేస్తున్నాను.

“పిన్నీ, నీ కళ్లు ఎంత బావుంటాయో! కాస్త శ్రద్ధ పెట్టవు గానీ” అంటూ అది నా చేతిలో వొక నల్లటి తోలు సంచీ పెట్టింది. విప్పి చూద్దును గదా, పన్నెండు కుంచెలు! కచేరీలో గుమాస్తాల్లా వరసగా కూచున్నాయి. పక్క అరలో రెండు ఇనప సామాన్లు. ఇవన్నీ మొహం మొత్తానికి అనుకున్నాను. కాదట. వొక్క కళ్లకీ, కనుబొమలకీనట!

“మా అమ్మ ఇంత పనీ వొక్క ఉంగరపు వేలితో చేసేదే” అన్నాను.

“అందుకే పిన్నీ, ఆ వేలికి పింఛను ఇప్పిస్తున్నాను” అంది.

పాతికేళ్లుగా కథల సంపుటాల మీద అభిప్రాయాలు రాస్తున్న చెయ్యి, వూరుకుంటుందా? నెల్లాళ్లు వాడి చూశాను. సంపుటిలో ఎన్ని కథలు నిలుస్తాయి, ఎన్ని పేజీలు నింపడానికి చేర్చారు అని లెక్క వేసినట్టే వేశాను.

“కుంచెల మీద సమీక్షేమిటమ్మా, మరేం దొరకలేదా?” అనేవాళ్లు వుంటారు. వాళ్లకో మాట. జపానులో హిరోషిమా దగ్గర కుమానో అనే చిన్న పట్నం వుంది. మొదట అక్షరాలు రాసే కుంచెలకీ, తర్వాత అలంకరణ కుంచెలకీ పేరు పొందిన చోటు. 2011లో ఆ దేశపు ఆడపిల్లల ఫుట్‌బాలు జట్టు ప్రపంచ కప్పు గెలిచినప్పుడు ప్రభుత్వం వాళ్లని సన్మానించి, జ్ఞాపికగా యిచ్చింది కుమానో అలంకరణ కుంచెలే. అంత దూరం ఎందుకు, మన శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్లని చూడండి. గీత గీయడానికి సన్నటి మొన వున్న వెదురు కలం వేరు, రంగు నింపడానికి మొద్దు మొన కలం వేరు. ఆ రెండూ కలిసి రామాయణమంతా గుడ్డ మీదికి తెస్తాయి. ఎన్ని కలాలున్నాయని ఎవరూ అడగరు, ఏ కలం ఏ పనికి అన్నదే లెక్క.

దీన్నే మన అలంకార శాస్త్రం ఔచిత్యం అంది. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో క్షేమేంద్రుడనే పండితుడు దీని మీద ఏకంగా గ్రంథమే రాశాడు. మొలనూలు మెడలోనూ, హారం నడుముకీ తగిలించుకుంటే నలుగురూ నవ్వరా అన్నది ఆయన ఇచ్చిన వుదాహరణ. కావ్యాన్ని తూచడానికి నగల్ని తెచ్చాడాయన. నేను అలంకరణని తూచడానికి ఆయన్ని తెచ్చుకుంటున్నాను. చెల్లుకి చెల్లు.

ఇక సంపుటిలోకి వద్దాం. పన్నెండింటిలో నిలిచేవి నాలుగు.

మొదటిది చదునుగా, చిటికెన వేలి గోరంత వెడల్పున్న కుంచె. రెప్ప మీద రంగు అద్దడానికి. అద్దడానికన్నాను, రుద్దడానికి కాదు. రుద్దితే పొడి బుగ్గల మీద రాలి, ఎవరో కొట్టినట్టుంటుంది. రెండోది వదులుగా, బొద్దుగా, పిచిక తోకలా వుంటుంది. అద్దిన రంగు అంచుల్ని చెదరగొట్టి చర్మంలో కలిపేస్తుంది. నన్నడిగితే సంపుటికంతా తలమానికం ఇదే. రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియకూడదు. మంచి కథలో నీతి ఎక్కడుందో తెలియనట్టే.

మూడోది ఏటవాలుగా కోసిన సన్నటి కుంచె. ఇది రెండు పాత్రలు వేస్తుంది. రెప్ప అంచున గీతా గీస్తుంది, కనుబొమలో పల్చబడిన చోట వెంట్రుకల్లాంటి గీతలూ పెడుతుంది. నాలుగోది చూస్తే మీకు నవ్వొస్తుంది. పాలసీసా కడిగే బ్రష్షుకి పుట్టిన పిల్లలా వుంటుంది. దాంతో కనుబొమల్ని పైకి దువ్వి, రంగు ఎక్కువైతే విదిలించి సరిచెయ్యాలి. ఇంతకన్న తక్కువ ఖరీదుకి ఇంతకన్న ఎక్కువ పని చేసేది మరోటి లేదు.

మిగిలిన ఎనిమిదీ? పునరుక్తి! మొదటిదానికి అన్నగారొకటి, తమ్ముడొకటి. రెండోదానికి కవలలు. కొన్ని కథల సంపుటాల్లో పేర్లు మార్చిన వొకే నాయిక తిరుగుతుంటుందే, అలాగ. అంకె పెద్దదైతే ఖరీదు పెట్టడం తేలిక గదా.

కొనేటప్పుడు ఎలా ఎంచాలో చెప్తాను. కుంచెని ముంజేతి వెనక అద్దుకుని చూడండి. గుచ్చుకుంటే రెప్పకి అసలే పనికిరాదు. రెప్ప చర్మం వొంటి మొత్తంలోకీ పల్చన. వెంట్రుకల్ని మెల్లిగా లాగండి, రెండు మూడు చేతికొచ్చాయంటే రేపు కంట్లో పడతాయి. వెంట్రుకల్ని పట్టుకున్న లోహపు పట్టీని అటూ ఇటూ కదిపి చూడండి. వూగితే వొద్దు. పొడి రంగులకి మేక వెంట్రుకలాంటివి బాగా పట్టిస్తాయి. తడి రంగులకి నైలాను మేలు, పీల్చుకోదు, తేలిగ్గా శుభ్రమవుతుంది. ఇప్పటి మంచి నైలాను కుంచెలు రెండు పనులకీ వొస్తున్నాయి. నైలానులో ఇంకో పుణ్యం కూడా వుంది. చిత్రకారుల కుంచెల కోసం మన దేశంలో ముంగిసల్ని చంపేవాళ్లు. వాటి వెంట్రుక వ్యాపారం ఇవాళ చట్టవిరుద్ధం. ఏ కుంచె కొన్నా, ఇది ఏ ప్రాణి వెంట్రుక అని వొక్క మాట అడగడం తప్పు కాదు.

అనుబంధంలో వున్న ఇనప సామాన్లలో వొకటి అచ్చం అడకత్తెర. వక్క కోసం కాదు, కనురెప్పల వెంట్రుకల్ని వొంచడానికట. రబ్బరు మెత్త అరిగిపోకుండా చూసుకోవాలి, మస్కారా పెట్టకముందే వాడాలి. పెట్టాక వాడితే వెంట్రుకలు అంటుకుని వూడొస్తాయి. కుర్రపిల్లలకి సరదా. నాకు మాత్రం వక్కలే గుర్తొచ్చాయి.

రెండోది శ్రావణం. మన ఇళ్లలో ముల్లు తీసేదే, కాస్త నాజూకుగా. మొన ఏటవాలుగా వుండి, రెండు రెక్కలూ సందు లేకుండా కలవాలి. కనుబొమ కింది వెంట్రుకల్ని మాత్రమే, అవి పెరిగే వైపే లాగాలి. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో తెలుసుకోవడానికి పనికిరాని ఎనిమిది కుంచెల్లో వొకదాని కాడ చాలు. ముక్కు పక్క నుంచి నిలువుగా పెడితే బొమ మొదలు, ముక్కు పక్క నుంచి కంటి చివర మీదుగా పెడితే బొమ చివర. ఆ లోపల వున్నవాటి జోలికి పోవద్దు. దారంతోగానీ శ్రావణంతోగానీ ఏళ్ల తరబడి పీకిన చోట కొన్ని మళ్లీ రావు. నా యీడువాళ్లు చాలామంది అప్పట్లో సన్నబొమల మోజులో పీకించుకుని, ఇప్పుడు పెన్సిలుతో గీసుకుంటున్నారు. కత్తిరింపు తెలియని సంపాదకుడి చేతిలో పడ్డ కథలాంటిదే కనుబొమ కూడా.

ఈ సంపుటికి పెద్ద లోపం వొకటుంది. చదవడానికి అద్దాలు లేవు! నలభై దాటి చత్వారం వొచ్చినవాళ్లం కళ్లజోడు పెట్టుకుంటే కుంచె దూరదు, తీస్తే కన్ను కనపడదు. పన్నెండు కుంచెల బదులు నాలుగు కుంచెలూ, పెద్దగా చూపించే చిన్న అద్దమూ పెట్టి వుంటే తయారుచేసినవాళ్లకి చెయ్యెత్తి దణ్ణం పెట్టేదాన్ని. అద్దం కొనుక్కోండి. మోచెయ్యి బల్ల మీద ఆనించండి. గీతని వొక్క వూపున లాగకుండా చిన్న చిన్న ముక్కలుగా కలపండి. చెయ్యి వొణికినా గీత వొణకదు.

వేదిక సంగతి వేరు. కాగడాల వెలుగులో ఆడిన కూచిపూడి భామ కంటి చివర గీత కణతల దాకా సాగిందంటే, ఎక్కడో వెనక చాప మీద కూచున్నవాడికి కూడా ఆ చూపు అందాలి గనక. అదే గీత పేరంటానికి వెళ్లే నా కంటికి పెడితే, తాంబూలం యిచ్చే ఆవిడ వొక అడుగు వెనక్కి వేస్తుంది. క్షేమేంద్రుడు నవ్వేది అక్కడే.

ఇంతవరకూ సరదాగా రాశాను. ఇక రాయక తప్పనిది.

2023లో, నిజ శ్రావణంలో, మా ఆడపడుచు కూతురి పెళ్లి. అలంకరణకి వొకావిడ వొచ్చింది. పెట్టె తెరిచింది. వొకే కుంచె. పెళ్లికూతురికి గీసింది, తోడిపెళ్లికూతురికి గీసింది, మేనత్తకి గీసింది, మా తోడికోడలికి గీసింది, ఆఖర్న నాకూ గీసింది. మధ్యలో పైటకొంగుతో వొత్తడం తప్ప కడిగింది లేదు. నేను చూశాను. పెళ్లింట్లో రభస ఎందుకులే అని చూసి వూరుకున్నాను.

మూడోనాడు సత్యనారాయణ వ్రతం. పీటల మీద పిల్ల కళ్లు చింతనిప్పులు. నల్లకళ్లజోడు పెట్టుకుని కథ వింది. అత్తవారి వైపు వొక పెద్దావిడ, పిల్లకి ముందునుంచీ కళ్లజబ్బుందేమో, చెప్పకుండా చేశారేమో అని పక్కావిడ చెవిలో వూదింది. అది తిరిగి తిరిగి మా ఆడపడుచు చెవిన పడింది. పాపం, దొడ్లోకి వెళ్లి ఏడ్చింది. ఆ యేడు వానాకాలంలో కళ్లకలక వూరూరా తిరిగింది. ఆ కుంచె వల్లనే వొచ్చిందని నేను ప్రమాణం చెయ్యలేను. కానీ ఆ కుంచె అయిదుగురి కళ్లు చుట్టొచ్చిందన్నది నిజం. నేను నోరు విప్పలేదన్నదీ నిజం.

అమ్మ వేలిని ఇందాకా పొగిడాను గదా, న్యాయంగా అదీ చెప్పాలి. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి పట్టిన మసి, నెయ్యితో రంగరించి భరిణెలో పెట్టేది అమ్మ. ఎంత చల్లగా వుండేదో! కానీ మా ముగ్గురక్కచెల్లెళ్లకీ వొకే భరిణె, వొకే వేలు. వేసవిలో వొకరికి కళ్లకలకొస్తే ముగ్గురికీ వొచ్చేది. అమ్మ దిష్టి తీసేది. దిష్టి మా కళ్లకి కాదు, ఆ వేలికి తియ్యాల్సింది. పసివాళ్ల కళ్లకి కాటుక వొద్దని ఇవాళ డాక్టర్లు చెబుతున్నారు. చుక్క పెట్టాలనుకుంటే అరికాలికి పెట్టండి. బజారు సుర్మాల్లో కొన్నిటిలో సీసం వుంటుందని తేలింది కూడాను.

కాబట్టి కుంచెకి అసలు లక్షణం మెత్తదనం కాదు, కడగడం. వారానికోసారి గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల షాంపూ వేసి కడిగి, తువ్వాలు మీద పడుకోబెట్టి ఆరబెట్టండి. గ్లాసులో తడిగా నిలబెడితే నీరు పట్టీలోకి దిగి జిగురు వూడుతుంది. మస్కారా మూడు నెలలకి మించి వుంచుకోవద్దు. కంటికి జబ్బు చేస్తే ఆ రోజుల్లో వాడినవన్నీ నిర్దాక్షిణ్యంగా పారెయ్యండి. కుంచె తడపడానికి వుమ్ము వాడకండి. నవ్వకండి, వాడేవాళ్లని చూశాను.

తుది అభిప్రాయం: ఆలోచన మంచిది, పన్నెండు ఎక్కువ, నాలుగు చాలు. పోయిన నెల మరో పెళ్లికి వెళ్తూ యీ నాలుగింటినీ చేతిసంచీలో పెట్టుకున్నాను. అలంకరణ చేసే అమ్మాయి నా దగ్గరికి రాగానే, “నా కుంచె నాకుందమ్మా” అన్నాను. పెళ్లికూతురికి ముందే వొక కొత్త సెట్టు చదివింపుగా యిచ్చాను. దానికి అదే వాడమని, ఈసారి అందరూ వినేలా చెప్పాను. అరనిమిషం నిశ్శబ్దం. తర్వాత ముగ్గురు ఆడవాళ్లు తమకీ విడిగా కావాలన్నారు. రభసేం కాలేదు.

రాత్రి అక్క కూతురికి ఫోను చేసి, ఈసారి రెండు ప్రతులు తెమ్మన్నాను. “చూశావా, నే ముందే చెప్పానుగా!” అన్నారు మావారు, పేపరు వెనకనుంచి. చెప్పిన మాట నిజమే గానీ, ఆయన చెప్పిన కారణం వేరు. పుస్తకం అరువిస్తే తిరిగి రాదు. కుంచె అరువిస్తే తప్పకుండా తిరిగొస్తుంది. వొట్టి చేతుల్తో మాత్రం రాదు.