బండ మీద తండ్రి, మడుగులో జంట

నెల్లూరు తీరం ఇసుక తీరం. మైపాడులో దిగి చూసినా, తుమ్మలపెంటలో దిగి చూసినా కాలికింద ఇసుకే. పెన్నా, స్వర్ణముఖి తెచ్చే ఒండ్రుతో ఇక్కడి నీళ్లు ఏడాదిలో చాలాకాలం కలకగానే ఉంటాయి. పగడానికి తేట నీరు కావాలి. అందుకే పగడపు దిబ్బలు చూడాలంటే మనవాళ్లు దక్షిణాన మన్నార్ సింధుశాఖకో, అటు అండమాన్‌కో పోవాల్సిందే. ఆ దిబ్బల మీద అడుగడుక్కీ కనిపించే డామ్సెల్ చేప గురించి నెల్లూరు పాఠకుడికి ఏం పని అంటే, దాని దగ్గరి చుట్టం మన ప్రళయకావేరిలోనే ఉంది కాబట్టి. పులికాట్ సరస్సుకి ఆ పేరు ఇంకా వాడే ఊళ్లున్నాయి. ఆ చుట్టం, కేరళవాళ్లు కరిమీన్ అని నెత్తిన పెట్టుకునే చేప. ఈ రెండింటినీ విడివిడిగా చదివినంతకాలం రెండింటి మీదా తప్పు తీర్పులే వస్తున్నాయని నా అభిప్రాయం.

వీటిని మొదటిసారి పక్కపక్కన పెట్టినవాడు బెర్లిన్ వైద్యుడు మార్కస్ బ్లాక్. భారతదేశం మొహం చూడకుండానే, ఓడల్లో వచ్చిన నమూనాలతో ఇక్కడి చేపలెన్నిటికో శాస్త్రీయ నామాలు పెట్టాడు. 1787లో చారల డామ్సెల్ ఒకదానికి బెంగాల్ పేరూ, 1790లో కరిమీన్‌కి సూరత్ పేరూ తగిలించాడు. రెండూ అరచేయంత వెడల్పుగా, పక్కలనుంచి నొక్కినట్టు, ఒంటిమీద నిలువు చారలతో ఉంటాయి. ఆయన రెండింటినీ ఒకే ప్రజాతిలో, సీతాకోక చేపల సరసన చేర్చాడు. తర్వాతివాళ్లు దాన్ని పొరపాటుగా తేల్చి, ఒకదాన్ని పోమాసెంట్రిడే కుటుంబానికీ, రెండోదాన్ని సిక్లిడే కుటుంబానికీ పంపారు. ఆ దిద్దుబాటు సరైనదే. కానీ పోలిక చూసిన కన్ను మాత్రం గట్టిది. చాలా చేపలకి ముట్టెకి ఒక్కో పక్క రెండేసి ముక్కురంధ్రాలుంటే, సిక్లిడ్లకీ, డామ్సెల్స్‌లో ఎక్కువ జాతులకీ ఒక్కొక్కటే. రెండింటికీ గొంతులో అడుగు ఎముకలు కలిసిపోయి రెండో దవడలా పనిచేస్తాయి. 2012లో జన్యువుల ఆధారంగా వంశవృక్షాన్ని తిరగరాసినప్పుడు రెండు కుటుంబాలూ ఓవలెంటారియా అనే ఒకే పెద్ద కొమ్మ మీదికి వచ్చాయి. ఆ కొమ్మకి గుర్తు, సన్నని జిగురు పోగులతో దేనికైనా అంటుకునే గుడ్లు.

గుడ్డు ఒకచోట అంటుకుందంటే దానికి కాపలా అవసరమవుతుంది. ఆ కాపలా దగ్గరే రెండు చేపల దారులూ చీలిపోయాయి.

డామ్సెల్ సంగతి ముందు. అబుడెఫ్‌డఫ్ ప్రజాతిలోని చారల చేపలకి పగడమే ఉండాలని పట్టు లేదు. ఒడ్డువార బండలు, రేవుల రాళ్లకట్టలు ఉన్నా సర్దుకుంటాయి. మగచేప బండ మీద ఒక జాగా ఎంచుకుని, నోటితో నాచునీ చిన్న ప్రాణుల్నీ పీకి శుభ్రం చేస్తుంది. ఆడచేప వచ్చి గుడ్లు పెట్టి తన దారిన తను పోతుంది. ఒకే జాగాలో ఒకటికి మించి ఆడచేపలు పెట్టడమూ మామూలే. అక్కణ్ణుంచి అంతా తండ్రి పనే. బండని ఆనుకుని పక్క రెక్కలతో ఆగకుండా విసురుతుంది, గుడ్లకి కొత్త నీరు తగలాలని. తెల్లబడి చచ్చిన గుడ్డు కనిపిస్తే వెంటనే నోటితో తీసేస్తుంది, బూజు పక్కవాటికి పాకకుండా. రోజులు గడిచేకొద్దీ గుడ్ల పొర రంగు మారుతుంది. దగ్గరికెళ్లి చూస్తే లోపల పిల్లల కళ్లు వెండిచుక్కల్లా కనిపిస్తాయి. తనకంటే ఎన్నో రెట్లు పెద్ద చేప వచ్చినా, ఈతగాడి చెయ్యి వచ్చినా మీదికి దూకుతుంది. వారం లోపే, పొద్దుగూకాక గుడ్లు పొదుగుతాయి. తండ్రి బాధ్యత ఆ క్షణంలో తీరిపోతుంది. పిల్లలు సముద్రంపాలు.

అక్వేరియం పెంచేవాళ్లు ఈ చేపని రౌడీ అంటారు. ఈ మాటతోనే నాకు పేచీ. కాపలా కాసే జాగా లేని గాజుతొట్టిలో పెట్టి, కాపలాబుద్ధిని దుర్గుణంగా రాయడం అన్యాయం. అదే కుటుంబంలో స్టెగాస్టిస్ అనే చేపలు దిబ్బ మీద నాచుతోట పెంచి, పనికిరాని నాచుని పీకి బయట పారేస్తాయి. జపాన్ శాస్త్రజ్ఞులు ఒకినావాలో చూసినప్పుడు, ఒక జాతి తోటలో దాదాపు ఒకే రకం నాచు కనిపించింది. పొలానికి గట్టు కాసేవాణ్ణి రౌడీ అంటామా? అలాగని డామ్సెల్ తండ్రిని త్యాగమూర్తిగా కీర్తించే రాతలూ నాకు నచ్చవు. కత్తెరతోక డామ్సెల్ మీద జరిగిన పరిశోధనల్లో, గుడ్లు బాగా తగ్గిపోతే మిగిలినవాటిని తండ్రే తినేస్తుందని తేలింది. వాటి కాపలాకి పెట్టే శ్రమ గిట్టదని దాని లెక్క. ఆ శక్తిని తర్వాతి కాన్పుకి దాచుకుంటుంది.

కరిమీన్ కాపురం వేరు. ఆడా మగా జతకట్టి, మునిగిన రాయికో కట్టెకో వేరుకో గుడ్లు అంటించి, వంతులవారీగా ఒకటి విసురుతుంటే ఒకటి కాపలా కాస్తుంది. గుడ్లు పొదిగాకా పని అయిపోదు. ఇంకా ఈదలేని పిల్లల్ని నోట కరుచుకుని అడుగుబురదలో తవ్విన గుంటల్లోకి మారుస్తాయి. పిల్లలు ఈతకొచ్చాక మందని మధ్యలో పెట్టుకుని వారాల తరబడి తిప్పుతాయి. దీని చిన్న చుట్టం, పులికాట్‌లోనే ఉండే పసుపు ఎట్రోప్లస్ పిల్లలు తల్లిదండ్రుల ఒంటికి మాటిమాటికీ తగులుతూ, పైనున్న జిగురుపొరని గిల్లి తింటాయి. 1967లో వార్డ్, బార్లో అనే ఇద్దరు ఈ అలవాటు గురించి వివరంగా రాశారు.

ఇక్కడే చాలామంది తేల్చేస్తారు: జంట గొప్పది, ఒంటరి తండ్రి బాధ్యత సగంలో వదిలేసినవాడు అని. నేను ఒప్పుకోను. ఆ తేడా తెచ్చింది చేప గుణం కాదు, నీరు. దిబ్బలు సముద్రంలో ఎడంఎడంగా ఉంటాయి. పిల్లలు రెండు మూడు వారాలు ప్లవకాల్లో కలిసి తేలితేనే కొత్త బండ చేరతాయి. అలా పోయినవన్నీ దూరమే పోతాయనుకోనక్కర్లేదు. ఆస్ట్రేలియా లిజర్డ్ దీవి దగ్గర కోటి పైచిలుకు డామ్సెల్ గుడ్లలోని పిల్లలకి గుర్తు వేసి, తర్వాత 5,000 చేపపిల్లల్ని పట్టి చూస్తే 15 పిల్లల్లో ఆ గుర్తు కనిపించింది. గుర్తు వేసింది మొత్తం గుడ్లలో కొద్ది భాగానికే. ఆ లెక్కన ఎన్నో పిల్లలు పుట్టిన దిబ్బకే తిరిగొచ్చాయని 1999లో ప్రకటించారు. తేడా చేప గుణంలో లేదనడానికి గట్టి సాక్ష్యం ఒకటుంది. డామ్సెల్స్‌లో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని జాతులు పిల్లల్ని సముద్రానికి వదలవు. ఆస్ట్రేలియా దిబ్బల్లోని అకాంతోక్రోమిస్ అచ్చం కరిమీన్‌లాగే జంటగా మందని కాస్తుంది. దాని పిల్లలూ తల్లిదండ్రుల ఒంటి జిగురు తింటాయి. అయితే దానికి మూల్యం కూడా కరిమీన్‌లాగే చెల్లిస్తుంది: పిల్లలు దూరం పోవు కనుక ఒక దిబ్బలో అది అంతరిస్తే పక్క దిబ్బ నుంచి వచ్చి నింపేవి దాదాపు ఉండవు.

ఇప్పుడు నా తీర్పు. నైపుణ్యంలో నాకు డామ్సెల్ తండ్రే పెద్ద. కానీ మనం ఆందోళన పడాల్సింది కరిమీన్ గురించి. ఒక బండ పోయినా డామ్సెల్‌కి సముద్రం ఇంకో బండ చూపిస్తుంది. పులికాట్‌లోని కరిమీన్‌కి పులికాట్ తప్ప దిక్కు లేదు. 2022లో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయినా, సరస్సు బాగోగులు నెల్లూరువాళ్లకీ పట్టాల్సినవే. రాయదొరువు దగ్గర సముద్రముఖం ఇసుకతో పూడుకుపోతే ఎండాకాలంలో ఉత్తరపు భాగం నీరింకి ఉప్పుదేరుతుంది. గుడ్లు అంటించే గట్టువార లోతు తక్కువ చోట్లే ముందు ఎండుతాయి.

ముఖద్వారం పూడిక తీయించడం ప్రభుత్వం పని, అది ఏటా జరగాల్సిన పని. వలవేసే అన్నదమ్ములకి నాది ఒక్కటే మనవి. పిల్లల మందని తిప్పుతున్న జంట వలలో పడితే, దాన్ని తిరిగి నీళ్లలో వదిలేయండి. డామ్సెల్ పిల్లలు తండ్రి లేకుండా బతకగలవు. ఆ జంట పోతే కరిమీన్ పిల్లల మంద ఒక్కపూటలో వేరే చేపల పాలవుతుంది.