తేలిక మాటల కట్టడి

కుడి అంటే ఏమిటో చెప్పమంటే ఎవరైనా చెయ్యి చూపిస్తారు. నిఘంటువుకు ఆ వీలు లేదు. ఉత్తరానికి మొహం పెట్టి నిలబడితే తూర్పు ఉండే వైపు అని పెద్ద నిఘంటువులు దిక్కులతో తేల్చేస్తాయి. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన చిన్న నిఘంటువులు మరో దారి పట్టాయి: చాలామంది రాయడానికి వాడే చేతి వైపు. దిక్కులతో పని లేదు, పటంతో పని లేదు. చదువుతున్నవాడు తన చేతిని తాను చూసుకుంటే చాలు. అందులోనూ నన్ను కట్టిపడేసేది 'చాలామంది' అనే మాట. అది తీసేసి చూడండి, పుర్రచేతివాటం వాళ్ళు పుస్తకం పట్టుకుని తగువుకొస్తారు. ఉంచితే నిర్వచనం నిజమవుతుంది, వాళ్ళకూ అందులో చోటు దొరుకుతుంది.

మన తార్కికులు లక్షణానికి, అంటే నిర్వచనానికి, మూడు దోషాలు చెప్పారు. ఆవంటే కపిలవర్ణం గలది అంటే తెల్లావు తప్పిపోతుంది, అది అవ్యాప్తి. కొమ్ములున్నది అంటే గేదె కూడా వచ్చి చేరుతుంది, అది అతివ్యాప్తి. ఒంటిగిట్ట గలది అంటే ఏ ఆవుకూ తగలదు, అది అసంభవం. ఈ మూడూ తప్పించుకోవడమే గొప్ప విద్య అనుకుంటే, ఈ నిఘంటుకారులు నాలుగో కట్టడి కూడా నెత్తినేసుకున్నారు. చెప్పేదంతా కొత్తగా నేర్చుకునేవాడికి ఇప్పటికే వచ్చిన మాటల్లోనే చెప్పాలి.

ఈ కట్టడికి పుట్టినిల్లు ఒకవిధంగా అప్పటి మన దేశమే. మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లీషు దొర బెంగాల్లో, ఢాకాలో పంతుళ్ళకు శిక్షణ ఇస్తూ, మన పిల్లలు ఇంగ్లీషు చదవలేక పడే అవస్థ చూశాడు. 1935లో ఆయన ఎండికాట్ అనే మరొకరితో కలిసి తెచ్చిన నిఘంటువు 1,490 మాటలతో దాదాపు 24,000 మాటలకూ పలుకుబళ్ళకూ అర్థం చెప్పింది. టోక్యోలో పాఠాలు చెబుతూ హార్న్‌బీ అనే ఆయన తన మిత్రులతో చేసిన నిఘంటువు యుద్ధం నడుస్తుండగానే 1942లో అక్కడే అచ్చయింది. మన ఇళ్ళలో కనిపించే లావుపాటి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ దాని సంతానమే. ఇంచుమించు రెండు వేల మాటలతోనే అన్నీ చెబుతామని పట్టుబట్టి లాంగ్‌మన్ నిఘంటువు 1978లో వచ్చింది.

కట్టడి అంటే కట్టెయ్యడం అనుకుంటాం గానీ, యతి ప్రాసలు తెలిసినవాళ్ళకు సంగతి వేరేగా తెలుసు. గణం సరిపడక కవి తప్పనిసరై వెతుక్కున్న మాటే ఒక్కోసారి పద్యానికి ప్రాణమవుతుంది. ఇక్కడా అంతే. ఎరుపుకు కాంతి తరంగాల లెక్క చెప్పే వీల్లేదు కాబట్టి రక్తం రంగు అన్నారు. ఏ దేశంలో పుట్టినవాడి ఒంట్లోనైనా ఆ ఉదాహరణ ఉంది! తెలుపు దగ్గర పాలు, ఉప్పు, మంచు పక్కపక్కన పెట్టారు. మంచు పడటం ఎన్నడూ చూడని రాజమండ్రి పిల్లకి పాలూ ఉప్పూ ఆసరా. ఆ మూడింటి ఎంపికలో ఎంతమంది పాఠకులను తలుచుకుని ఉంటారో.

నా మటుకు ఈ కళకు శిఖరం 1987 నాటి కోబిల్డ్ నిఘంటువు. బర్మింగ్‌హామ్‌లో జాన్ సింక్లేర్ బృందం, జనం నిజంగా రాసిన, మాట్లాడిన ఇంగ్లీషును కంప్యూటర్లో పోగుచేసి దాన్ని తయారుచేసింది. అందులో నిర్వచనం తుంపు తుంపుగా ఉండదు, నిండు వాక్యంగా ఉంటుంది. పక్కన కూర్చున్న మేష్టారు 'మీరు ఫలానా పని చేస్తే...' అని మొదలుపెట్టినట్టు చదువరిని పలకరిస్తుంది. ఏ మాట పక్కన ఏ మాట పొసగుతుందో వేరే చెప్పకుండా ఆ వాక్యమే చూపిస్తుంది. నడవడం, తినడం లాంటి మామూలు పనుల దగ్గర 'మీరు' ఉంటారు. హత్య లాంటి వాటి దగ్గరికి వచ్చేసరికి 'మీరు' తప్పుకుని 'ఎవరైనా' వస్తారు. చదువరి మీద నింద పడకుండా చూసిన ఈ మర్యాదను నేను ఎన్నిసార్లు చదువుకున్నా తనివి తీరదు. నిఘంటువులో ఔచిత్యం అనే మాటకు అర్థం వెతకడం అందరం చేసేదే, నిఘంటువే ఔచిత్యం పాటించడం ఇక్కడ చూశాను.

లోపాలు లేవనను. చెట్ల పేర్లు, చేపల పేర్లు వచ్చినప్పుడు ఈ పద్ధతి చతికిలపడుతుంది. 'ఒక రకం చేప' అంటే ఎవరికి ఏం ఒరుగుతుంది? విడివిడిగా తేలికైన రెండు మాటలు కలిసి కొరకరాని కొయ్యగా మారడమూ ఇంగ్లీషులో మామూలే, ఆ చిక్కు మాటల పట్టికకు పట్టుబడదు. కొన్ని చోట్ల లాంగ్‌మన్ పట్టికలో లేని మాట వాడక తప్పలేదు. అప్పుడు దాన్ని చిన్నసైజు పెద్దక్షరాల్లో వేసి, గీత దాటామని బాహాటంగా ఒప్పుకుంటుంది. ఆ నిజాయితీ కూడా నాకు ముచ్చటే.

ఇప్పుడు ఫోన్లో మాట కొడితే అర్థం క్షణంలో వస్తుంది, నిజమే. అయినా అటక మీద అలాంటి పాత నిఘంటువు ఉంటే పాత పేపర్ల బండికి వెయ్యకండి. దించి, దులిపి, మీకు బాగా తెలిసిన మాటలే ఓ పది తీసి చదవండి: తలుపు, ఆకలి, అప్పు, అమ్మ.