ఒకే చప్పట్లు, వేర్వేరు గొంతులు

జమైకా డాన్స్‌హాల్ సంగీతంలో పుట్టిన ఒక రిడిమ్‌కి మన పండగ పేరుంది: దివాలీ. దాన్ని కట్టినవాడు లెంకీగా అందరికీ తెలిసిన స్టీవెన్ మార్స్‌డెన్. ఆ ఒక్క రిడిమ్ మీద రకరకాల గాయకులు పాడిన పాటలను చేర్చి గ్రీన్‌స్లీవ్స్ సంస్థ 2002లో ఆల్బమ్ వేసింది. అందులో ముందుగా చెవిన పడేవి చప్పట్లు. అవి సమంగా పడవు. ఒకటి తోసుకొచ్చినట్టుంటే ఇంకొకటి ఆగి వచ్చినట్టుంటుంది. కాళ్లు ఊరుకోవు.

రిడిమ్ అంటే పాట కింద నడిచే వాద్యం, ముఖ్యంగా డ్రమ్స్, బేస్. నిర్మాత దాన్ని ఒకసారి తయారుచేసి ఎందరో గాయకుల చేతికిస్తాడు. మాటలు, వరస, పాడే తీరు ఎవరివి వాళ్లవే. ఆకాశవాణిలో ఒకే సమస్యకు కవులు పంపిన పూరణలు వరసగా విన్నవాళ్లకు ఇందులోని రుచి వెంటనే తెలుస్తుంది. ఇచ్చిన పాదం అందరికీ ఒకటే కాబట్టే ఎవరి సత్తా ఎంతో బయటపడుతుంది.

దివాలీ మీద షాన్ పాల్ పాడిన ‘గెట్ బిజీ’లో మాటలు చప్పట్ల సందుల్లోకి గబగబా దూరిపోతాయి. గొంతు పెద్దగా ఎక్కదు, దిగదు. పాటను లాక్కెళ్లేదంతా ఉచ్చారణే. వేన్ వండర్ ‘నో లెటింగ్ గో’కి వచ్చేసరికి అవే చప్పట్ల మీద స్వరం నింపాదిగా సాగుతుంది. తొందరంతా వాద్యానిదే, ప్రేమికుడికి లేదు. న్యూయార్క్ అమ్మాయి లుమిడీ దీని మీదే ‘నెవర్ లీవ్ యూ’ పాడింది. 2003లో బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో షాన్ పాల్ 1వ స్థానానికి, లుమిడీ 3వ స్థానానికి, వేన్ వండర్ 11వ స్థానానికి చేరారు.

ఈ పద్ధతికి పాత చరిత్రే ఉంది. 1974లో రూపీ ఎడ్వర్డ్స్ ‘యమహా స్కాంక్’ ఆల్బమ్ మొత్తాన్ని ఒకే రిడిమ్ మీద నడిపాడు. ఈ తరహాలో మొదటిదిగా ఎక్కువమంది దాన్నే చెబుతారు. ఇక 1985లో వచ్చిన స్లెంగ్ టెంగ్ రిడిమ్ సంగతి మరీ ముచ్చటైనది. క్యాసియో ఎంటీ-40 అనే చిన్న కీబోర్డులో హిరోకో ఒకుడా అనే జపాన్ ఉద్యోగిని సిద్ధంచేసి పెట్టిన రాక్ తాళం కింగ్‌స్టన్ కుర్రాళ్ల చేతిలో పడింది. నిర్మాత కింగ్ జామీ దాని వేగం తగ్గించి వేన్ స్మిత్ చేత పాడించాడు. ఆ తర్వాత దాని మీద వచ్చిన పాటలు వందల్లో ఉంటాయి.

డాన్సుల్లో రికార్డులు నడిపే సెలెక్టర్ ఒకే రిడిమ్ మీది పాటలను వెంటవెంటనే వేస్తాడు. జనం కేకలేస్తే రికార్డును వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెడతాడు. రిడిమ్ ఆల్బమ్‌నూ అలాగే, వరస తప్పకుండా వినాలి. మూడు నాలుగు పాటలయ్యాక వాద్యం అలవాటైపోయి చెవి పూర్తిగా గొంతు మీదికి మళ్లుతుంది. చెప్పడానికేమీ లేని గాయకుడు అక్కడ దొరికిపోతాడు. అలాంటివాళ్లు ప్రతి ఆల్బమ్‌లోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు, దాచిపెట్టాల్సిన పనిలేదు. బౌంటీ కిల్లర్ మాత్రం దివాలీ మీదే ‘సఫరర్’ పాడి, షాన్ పాల్ ఆటకు పిలిచిన చప్పట్లతోనే పేదల బతుకు గోడు వినిపించాడు. తాళం ఎక్కడా మారలేదు.