290 వాట్ల సంసారం

దీపావళికి అటక దులుపుతుంటే పాత కంప్యూటర్ బయటపడింది. కరోనా ఏడాదిలో ఇంటి నుంచి పని చేయడానికని సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆఫీసు డెస్క్‌టాప్. ల్యాప్‌టాప్ వచ్చాక దుప్పట్లో చుట్టి పైకెక్కించాను. నిచ్చెన పట్టుకుని నిలబడ్డ మా అన్నయ్య కొడుకు, "అత్తా, ఆ సీపీయూ పనిచేస్తుందా?" అన్నాడు. సీపీయూ అంటే లోపలుండే ప్రాసెసర్‌రా, డబ్బా కాదు అని దిద్దబోయి ఊరుకున్నాను. మనవాళ్లందరికీ డబ్బాయే సీపీయూ, రిపేరు షాపువాడితో సహా.

వాడు ఇంజినీరింగ్ రెండో ఏడు. గేమింగ్ పీసీ కావాలని ఇంటర్ నుంచీ అడుగుతున్నాడు. "ఉద్యోగం వచ్చాక నువ్వే కొనుక్కో" అంటాడు మా అన్నయ్య. వాడు పోగేసుకున్నవి ఎనిమిది వేలు. నాలుగు నేను కలుపుతాను, ఈ డబ్బానే ఆటలకి సిద్ధం చేద్దామన్నాను, స్క్రూడ్రైవర్ వాడే పట్టుకోవాలన్న షరతు మీద.

"ఏ గ్రాఫిక్స్ కార్డు కొందాం?" అని మొదలుపెట్టాడు. "ఏ ఆట ఆడతావ్?" అన్నాను. జీటీఏ 5 అన్నాడు. నాకు సగం బెంగ తీరింది. ఆ ఆట పీసీకి వచ్చింది 2015 ఏప్రిల్‌లో. దాన్ని తయారుచేసినవాళ్లు ఉంటే బాగుంటుందన్న ప్రాసెసర్ ఐ5-3470. మా డబ్బాలో ఉన్నది ఐ5-4590, దానికంటే ఒక తరం కొత్తది. ప్రాసెసర్ జోలికి వెళ్లక్కర్లేదు. 8 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. లేనిది గ్రాఫిక్స్ కార్డు.

బాల్కనీలో పాత పేపరు పరిచి మూత తీశాం. ఆఫీసు కార్పెట్ దుమ్ము, మా అటక దుమ్ము కలిసి ఫ్యాను రెక్కల మీద బూడిదరంగు బొంతలా అల్లుకుపోయాయి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యానును వేలితో ఆపి పట్టుకోమన్నాను. గాలికి అది వదిలేసినట్టు గిర్రున తిరిగితే బేరింగు పాడవుతుంది. ప్రాసెసర్ మీది హీట్ సింక్ స్క్రూలు ఎదురుబొదురు మూలలు మార్చుకుంటూ కొంచెం కొంచెంగా వదులు చేశాడు. కింద థర్మల్ పేస్టు, సున్నం కాయలో అడుగున మిగిలిన సున్నంలా పెళుసుబారి ఉంది. స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత కొత్తది పెట్టి మళ్లీ బిగించాం. ఖర్చు పేస్టు ట్యూబు ఒక్కటే. ఫ్యాను రొద తగ్గిన తేడా నాకు మర్నాడు వంటింట్లోకి కూడా తెలిసింది.

అసలు చిక్కు లోపలి భాగాలకి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ దగ్గర. పక్కనున్న స్టిక్కరు వాడిచేతే చదివించాను. 290 వాట్లు. లోపల వెతికితే గ్రాఫిక్స్ కార్డుకి పెట్టే ఆరు పిన్నుల వైరు లేనేలేదు. పెద్ద ఎస్‌ఎంపీఎస్ కొని బిగిద్దామన్నా కుదరదు. బజార్లో దొరికేవాటికి బోర్డు వైపు 24 పిన్నులుంటాయి, ఈ ఆఫీసు మిషన్ బోర్డుకి 8 మాత్రమే. మధ్యలో కన్వర్టర్ వైరు పెట్టేవాళ్లున్నారు కానీ, కరెంటు దారిలో ఊరూ పేరూ లేని వైరు పెట్టడం నాకిష్టం లేదు. చాదస్తమంటే చాదస్తమే.

అందుకని పేపరు అంచున లెక్క రాశాం. ప్రాసెసర్ 84 వాట్లు. కార్డు కూర్చునే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు తనంతట తాను ఇవ్వగలిగేది 75. బోర్డు, డిస్కులు, ఫ్యాన్లు కలిపి ఓ 40 వేసుకుందాం. రెండొందలు. 290లో ఊపిరి పీల్చుకునే చోటుంది. అంటే వేరే వైరు అడగకుండా స్లాటు ఇచ్చే 75తోనే కాపురం చేసే కార్డు కావాలి. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐ అలాంటిది. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650 ఇంకా మెరుగు, కానీ అందులో కొన్ని మోడళ్లకి ఆరు పిన్నుల సాకెట్టు ఉంటుంది, కొన్నిటికి ఉండదు. డబ్బా మీద పేరొకటే. ఆర్‌ఎక్స్ 6400 కూడా తక్కువ కరెంటుదే కానీ దానికి బోర్డుతో మాట్లాడే దారులు, అంటే లేన్లు, నాలుగే. కొత్త బోర్డుల మీద ఉన్నంత చురుకు మూడో తరం స్లాటున్న ఇలాంటి పాత బోర్డుల మీద ఉండదు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే సీటీసీకి, వెళ్లాం. ఒక షాపులో కుర్రాడు నన్ను "ప్రింటరా మేడమ్?" అని పలకరించి, కార్డు అన్నాక మావాడి వైపు తిరిగిపోయాడు. రెండు ఫ్యాన్ల కార్డు ఒకటి చూపించి "ఇది పెట్టు బ్రో, ఏదైనా ఆడేస్తుంది" అన్నాడు. మావాడి కళ్లు మెరిశాయి. కార్డు తిప్పి చూశాడు. అంచున ఆరు పిన్నుల సాకెట్టు. "మా ఎస్‌ఎంపీఎస్‌కి ఈ వైరు లేదన్నా" అని తిరిగిచ్చేశాడు. నేను షట్టర్ మీది బోర్డు చదువుతున్నట్టు నటించాను.

మూడో షాపులో సాకెట్టు లేని 1650 దొరికింది, వాడినదే. డబ్బులివ్వకముందే వాళ్ల మిషన్‌లో పెట్టించి జీపీయూ-జీ అనే చిన్న ప్రోగ్రామ్ నడిపించాం. పాతకాలపు కార్డుల లోపలి ప్రోగ్రామ్‌ని, అంటే బయోస్‌ని, మార్చి కొత్త పేరుతో అమ్మే బాపతు ఉన్నారు. అలాంటి చాలావాటిని జీపీయూ-జీ నకిలీ అని పేరు ముందే రాసి పట్టిస్తుంది. పది నిమిషాలు ఆట ఆడించి వేడి చూసి, బేరమాడి ఆరున్నర వేలకి తెచ్చుకున్నాం. పాతదానికి జోడీగా ఇంకో 8 జీబీ డీడీఆర్3 ర్యామ్ కొన్నాం. ఒంటెద్దు బండికి రెండో ఎద్దును కట్టడమే అది. ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య ఒకటే ఉన్న దారి రెండవుతుంది. ఒక ఎస్‌ఎస్‌డీ. దానివల్ల ఆట వేగం పెరగదు, ఆట తెరుచుకునేలోపు టీ తాగి రానక్కర్లేదు, అంతే.

రాత్రి ఏడున్నరకి అన్నీ బిగించి స్విచ్చేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగా ఉంది. ర్యామ్ తీసి పెట్టాం. కార్డు తీసి పెట్టాం. వాడి మొహం చూడలేకపోయాను. అరగంట తర్వాత నాకే వెలిగింది: మానిటర్ వైరు ఇంకా బోర్డుకే ఉంది. పైగా అది పాత నీలం వీజీఏ వైరు. కొత్త కార్డుకి ఆ రంధ్రమే లేదు. ఇంట్లో ఉన్న ఒక్క హెచ్‌డీఎంఐ వైరు టీవీకి ఉంది, టీవీ ముందు మా అమ్మ, టీవీలో సీరియల్. ప్రకటనలు వచ్చేదాకా ఆగి మనవడు నానమ్మని బతిమాలాడు. "రెండు నిమిషాలే" అన్నది గంటన్నరయింది. మా అమ్మ ఇప్పటికీ ఆ ఎపిసోడ్ ఊసెత్తుతుంది.

ఆట నడిచింది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో స్లైడ్ షోలా కదిలిన ఊరు, సెకనుకి అరవై ఫ్రేములతో పరుగెత్తింది. రద్దీ రోడ్ల మీద కారు దూకుడుగా తోలితే మాత్రం తడబడుతోంది. చూస్తే ప్రాసెసర్ నాలుగు కోర్లూ నూరు శాతం. ఆటలో జనసాంద్రత తగ్గించమన్నాను. మన ఊళ్లలో కుదరని పని అక్కడ ఒక్క మీటతో అయిపోయింది.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాను. విండోస్ 10కి మామూలు సపోర్ట్ సరిగ్గా ఆ దీపావళికి ఆరు రోజుల ముందు, 2025 అక్టోబరు 14న ఆగిపోయింది. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే రమ్మంటుంది, మాది నాలుగోది. అందుకని ఆ మిషన్‌లో బ్యాంకు, డబ్బు వ్యవహారాలు వద్దు, ఆటలే.

మొత్తం తొమ్మిది వేల ఎనిమిది వందలయింది. మిగిలిన డబ్బు వాడికే ఇచ్చి, హెచ్‌డీఎంఐ వైరు కొనిపించాను. మూత బిగించే ముందు, కారు సర్వీసింగ్ వాళ్లు ఆయిల్ మార్చిన తేదీ అంటించినట్టు, లోపలివైపు చిన్న కాగితం అంటించాను: పేస్టు మార్చిన తేదీ, 84, 75, 40, మొత్తం 290కి లోపు. సంక్రాంతికి దుమ్ము కొట్టడానికి తెరిస్తే కింద వాడి చేతిరాతలో ఇంకో లైనుంది. "ఐ7-4770. ఇదీ 84 వాట్లే!"

లెక్క కరెక్టే. ప్రాసెసర్ కూర్చునే సాకెట్టూ అదే. కింద "ముందు సెమిస్టర్ రిజల్ట్స్" అని రాసి మూత పెట్టేశాను.